బొచ్చు సీమది, బుద్ధి ఎవరిది?

పాతపట్నం మెయిన్ రోడ్డులో ఒక కుక్క ఉందనుకుందాం. ఊహే అయినా మరీ వింత ఊహ కాదు. ఇలాంటిదొకటి లేని ఊరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు అరుదు. ఒళ్లంతా మామూలు ఊరకుక్కదే, ఎర్రమట్టి రంగు. కాళ్లు మాత్రం పొట్టి. మెడ చుట్టూ జూలు, తోకకు కుచ్చులా వేలాడే బొచ్చు. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది సగానికి మడత పడి ఉంటుంది. ఇక నడవడి చూస్తే ఆకారమే నయం అనిపిస్తుంది. గుణుపురం రైలు కూత పెట్టుకుంటూ పోయినా కన్ను తెరవదు గానీ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి కనబడితే వీధి చివరిదాకా తరుముతుంది. మాంసం కొట్టు ముందు మిగతా కుక్కలు కొట్లాడుకుంటుంటే ఇది ఎడంగా కూర్చుని, రద్దీ తగ్గాక తీరిగ్గా వస్తుంది. అరుగు మీద విడిచిన చెప్పుల్లో ఒక్కటే ఎత్తుకుపోతుంది. కొరకదు, చింపదు, తల కింద పెట్టుకుని పడుకుంటుంది. టీకొట్టు దగ్గర దీని మాట వస్తే తీర్పు క్షణంలో వచ్చేస్తుంది. "దీన్లో పమేరియన్ రక్తం ఉంది బావూ, అందుకే అంత చిరాకు" అంటారు ఒకరు. "ఎంత కలిసినా నాటుకుక్క నాటుకుక్కే, అన్నం పెట్టినోడిని మరిచిపోదు" అంటారు ఇంకొకరు.

మాటలు వేరు, లెక్క ఒకటే. రూపాన్ని బట్టి జాతిని ఊహించడం, ఊహించిన జాతిని బట్టి గుణం చెప్పడం. ఈ లెక్కలో మెట్లు రెండే, రెండూ కాలు మోపితే ఊగేవే అన్నది ఈ అధ్యాయంలో నా వాదన. కుక్క ఆకారం దాని పూర్వీకుల గురించి చెప్పేది మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. పోనీ పూర్వీకుల జాతి రూఢిగా తెలిసినా, ఎదురుగా ఉన్న ఆ ఒక్క కుక్క స్వభావం గురించి అది చెప్పేది ఇంకా తక్కువ. అలాగని స్వభావానికీ పుట్టుకకూ సంబంధం లేదని కాదు. ఉంది, గట్టిగానే ఉంది. ఎటొచ్చీ మనం వెతుకుతున్న చోట లేదు.

ముందు రక్తం కలవడం సంగతి. ఊరకుక్కంటే నానాజాతులూ కలగాపులగమై చెడిపోయిన సరుకు అని చాలామంది నమ్మకం. జరిగింది దాదాపు తలకిందులు. జాతి అని ఇప్పుడు మనం అంటున్నది చాలా కొత్త వ్యవహారం. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పేరుమోసిన మొదటి కుక్కల ప్రదర్శన జరిగింది 1859లో. లండన్‌లో కెనెల్ క్లబ్ పుట్టింది 1873లో. ఫలానా జాతి అంటే ఇంత ఎత్తు, ఇలాంటి చెవి, ఈ రంగు అని రాసిపెట్టి, పుస్తకంలో పేరున్న తల్లిదండ్రులకు పుట్టిన పిల్లను మాత్రమే ఆ జాతిగా ఒప్పుకునే పద్ధతి అప్పటినుంచే గట్టిపడింది. అంటే నూట అరవై ఏళ్ల ముచ్చట. కుక్క మనిషి పంచన చేరి పద్నాలుగు వేల ఏళ్లకు తక్కువ కాలేదు. ఆ కాలంలో సింహభాగం కుక్కలు ఎవరి పుస్తకంలోనూ లేకుండానే బతికాయి. ఈనాటికీ ప్రపంచంలోని కుక్కల్లో ఎక్కువ భాగం ఎవరూ జతకట్టించకుండా వాటంతటవి పిల్లలు పెట్టుకునేవే.

దీనికి జన్యు సాక్ష్యం కూడా ఉంది. 2015లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 161 జాతులకు చెందిన 4,676 కుక్కల జన్యువులను, 38 దేశాల నుంచి సేకరించిన 549 ఊరకుక్కల జన్యువులతో పోల్చి చూశారు. కుక్క తొలుత ఎక్కడ పుట్టిందన్న విషయంలో వారు చెప్పినది ఇప్పటికీ వివాదమే. మనకు పనికొచ్చే ముక్క వేరే ఉంది. దక్షిణ పసిఫిక్ దీవుల్లో, మధ్య దక్షిణ అమెరికాల్లో తిరిగే వీధికుక్కలు దాదాపు పూర్తిగా ఐరోపా కుక్కల సంతతి అని తేలింది. భారతదేశం, వియత్నాం, ఈజిప్టు ఊరకుక్కల్లో మాత్రం ఐరోపా జాతుల కలయిక ఆనవాలు బహు స్వల్పం. కాబట్టి మహేంద్రతనయ ఒడ్డున ఎండకు పడుకున్న మామూలు ఎర్రకుక్క, జాతికుక్కలు చెడి పుట్టింది కాదు. జాతికుక్కలు అనేవి లేనప్పటి నుంచీ సాగుతున్న వంశం దానిది. అది ఎంతకాలంగా మన గంజి తాగుతోందో కూడా ఒంట్లోనే రాసి ఉంది. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటే, కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా ఉంటాయని 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. చద్దన్నం మీద బతకడం దానికి గతిలేక వచ్చిన అలవాటు కాదన్నమాట.

నిజంగా రక్తం కలవడం పట్టణాల నుంచి పల్లెలకు ఈమధ్యే పాకుతోంది. పాతికేళ్ల కిందట బొచ్చుకుక్క అంటే డాక్టరుగారింట్లోనో కాంట్రాక్టరు ఇంట్లోనో ఉండేది. పమేరియన్ అని మనం పిలుచుకునేది నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో అందరినీ మురిపించిన కుక్క అదే. తర్వాత లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్ కూడా చిన్న పట్టణాలకు చేరాయి. కొన్నవాళ్లలో కొందరు మోజు తీరాక వదిలేస్తారు, కొందరు గేటు తీసి పెడతారు. రెండింటికీ ఫలితం ఒకటే. పాతపట్నం లాంటి చోట, అటు పర్లాకిమిడి, ఇటు టెక్కలి మధ్య రాకపోకలు ఎప్పుడూ ఆగని సరిహద్దు ఊళ్లో, ఏ కుక్క తండ్రి ఎక్కడివాడో చెప్పడం మరీ కష్టం. అందుకే జనం రూపం మీద ఆధారపడతారు. ఆ ఆధారం ఎంత గట్టిదో చూద్దాం.

కుక్క పైరూపాన్ని నడిపే జన్యువులు ఆశ్చర్యపోయేంత తక్కువ. వెంట్రుక పొడుగా పొట్టా, ఉంగరాలు తిరుగుతుందా లేదా, మీసాలు వస్తాయా రావా అన్నదంతా ముఖ్యంగా మూడు జన్యువుల చేతిలో ఉందని 2009లో తేలింది. డాషుండ్ లాంటి కుక్కల పొట్టికాళ్లకు ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువు అదనపు ప్రతి ఒకటి కారణమని అదే ఏడాది బయటపడింది. ఒళ్లు చిన్నదిగా ఉండటంలో ఐజీఎఫ్1 అనే ఒక్క జన్యువుకు పెద్ద వాటా ఉందని అంతకు రెండేళ్ల ముందే తెలిసింది. మన ఊహా కుక్కను ఈ కళ్లతో మళ్లీ చూడండి. పొట్టికాళ్లకు ఒక్క ప్రతి వస్తే చాలు, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా. ఎప్పుడో ఒక డాషుండ్ ఈ ఊరి కుక్కతో జతకట్టి, ఆ ప్రతి తరం తరానికీ చేతులు మారుతూ పదో తరానికి చేరిందనుకోండి. పదో తరం కుక్కలో ఆ డాషుండ్ వాటా సగటున 1,024లో ఒక వంతు. కాళ్లు మాత్రం అచ్చంగా దానివే. బొచ్చు కథ ఇందుకు ఎదురు. పొడుగు వెంట్రుక రావాలంటే ఆ జన్యురూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. అందువల్ల స్పిట్జ్‌కూ ఊరకుక్కకూ పుట్టిన మొదటి పిల్లలు సాధారణంగా పొట్టి వెంట్రుకతోనే ఉంటాయి. సగం స్పిట్జ్ అయిన కుక్కను మనం 'అచ్చం నాటు' అనుకుని పక్కన పెడతాం. స్పిట్జ్ వాటా అంతకంటే తక్కువున్న దాని మనవడు, రెండు వైపులా అదే రూపం కలిసిరావడం వల్ల బొచ్చుతో పుడితే, వాణ్ని పమేరియన్ అంటాం. చూపు ఇక్కడ పొరపడుతోందనడం కూడా చాలదు, ఒక్కోసారి సరిగ్గా వ్యతిరేకమే చెబుతోంది.

పైగా ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలన్నీ ఒకే తండ్రివి కానక్కర్లేదు. ఆడకుక్క ఎదకొచ్చిన రోజుల్లో ఇద్దరు ముగ్గురు మగకుక్కలతో కలిస్తే ఆ ఈతలో ఇద్దరు ముగ్గురి పిల్లలు ఉండొచ్చు. వీధిలో ఇది మామూలే. "ఒక్క కడుపునే పుట్టాయి, ఇదెందుకిలా ఉంది" అని విస్తుపోయేవారికి సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

స్వభావం విషయం వేరు. భయం, చొరవ, ఆటకాయతనం, కొత్తవాళ్లతో కలివిడి, మాట వినడం, ఇవేవీ ఒకటి రెండు జన్యువులు నడిపేవి కావు. ఎన్నెన్నో జన్యువులు తలా ఇంత నెడితే, పెరిగిన తీరు ఇంకాస్త నెడితే తయారయ్యేవి. కనుక బొచ్చును తెచ్చిన జన్యువు తనతోపాటు చిరాకును కూడా మూటగట్టి తెస్తుందనుకోవడానికి ఆధారం లేదు. పుస్తకంలో పేరున్న జాతిలో, బయటి సంబంధం లేకుండా తరాల తరబడి జతకట్టిస్తారు కాబట్టి రూపమూ గుణమూ కలిసి ప్రయాణిస్తాయేమో అనిపించవచ్చు. ఆ కట్టు ఒక్కసారి తెగితే ఏదీ దేనితోనూ కలిసి పోదు. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని ఏళ్ల తరబడి పరీక్షించి, 1965లో పెద్ద గ్రంథంగా వేశారు. ఐదు జాతుల కుక్కలను ఒకే రకంగా పెంచి చూశారు. అందులో బసెంజీ అనే ఆఫ్రికా కుక్కను కాకర్ స్పానియెల్‌తో కలిపి, ఆ పిల్లలను తిరిగి తమలో తాము కలిపి రెండో తరం దాకా నడిపారు. మొదటి తరం పిల్లలను చూస్తే తల్లిదండ్రుల జాతులు ఊహకందవు. రెండో తరంలో ఎన్ని పిల్లలో అన్ని రూపాలు. ఒకే జాతిలోని కుక్కల మధ్యే స్వభావంలో తేడాలు దండిగా ఉన్నాయని కూడా వారు ఆనాడే గమనించి రాశారు. కుక్కల ప్రపంచం ఆ మాటను పెద్దగా చెవిన వేసుకోలేదు.

దాన్ని పెద్ద ఎత్తున తేల్చింది 2022 ఏప్రిల్‌లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం. క్యాథ్లీన్ మోరిల్, ఎలినార్ కార్ల్‌సన్, వారి బృందం 18,385 కుక్కల యజమానులను ప్రశ్నలడిగి, వాటిలో 2,155 కుక్కల డీఎన్ఏ చదివారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య నడవడిలో ఉన్న తేడాలో జాతి వల్ల వచ్చిందని చెప్పగలిగినది సుమారు 9 శాతం. తొంభై ఒక్క పాళ్లకు కారణం వేరే చోట వెతకాలి. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అంకె కాదు, సంకరకుక్కలను వాడుకున్న తీరు. లాబ్రడార్ పెంచేవాళ్లను "మీ కుక్క కలివిడిగా ఉంటుందా" అని అడిగితే ఉంటుందనే చెబుతారు, ఎందుకంటే లాబ్రడార్ అలా ఉంటుందని వాళ్లు ముందే విన్నారు. కుక్క సంగతి చెబుతున్నారో, విన్న సంగతి చెబుతున్నారో విడదీయలేం. తన కుక్కలో ఏ రక్తముందో తెలియని యజమానికి ఆ బెడద లేదు. అలాంటి కుక్కల డీఎన్ఏలో లాబ్రడార్ వాటాను కొలిచి చూస్తే, ఆ వాటా పెరిగినంత మాత్రాన మనుషులతో కలివిడితనం పెరగలేదు. బోర్డర్ కోలీ వాటా ఎక్కువున్న కుక్కలు మాత్రం మాట వినడంలో కొంత ముందున్నాయి. అంటే జాతి ప్రభావం సున్నా కాదు, కొన్ని గుణాల్లో కనిపిస్తుంది. రెచ్చగొడితే ఎంత తొందరగా తిరగబడుతుంది అన్న గుణం విషయంలో, మనకు అన్నిటికంటే భయం వేసే ఆ గుణం విషయంలోనే, జాతి దాదాపు ఏమీ చెప్పలేకపోయింది.

ఇక్కడ తెలివైన పాఠకుడు అడ్డు తగలాలి. కుక్క గుణాల్లో చాలావాటికి వంశపారంపర్యం పావు వంతుకు పైనే ఉందని అదే అధ్యయనం చెబుతోంది కదా, జాతికి తొమ్మిదే ఎలా మిగిలింది? చిక్కుముడిలా కనిపిస్తుంది గానీ ముడి లేదు. వంశపారంపర్యం అంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేది. జాతి అంటే ఒక గుంపుకంతటికీ ఉమ్మడిగా ఉండేది. పిరికిదనం తల్లి నుంచి పిల్లకు రావచ్చు. కానీ పిరికి తల్లులూ ధైర్యపు తల్లులూ ప్రతి జాతిలోనూ, ప్రతి ఊరకుక్కల గుంపులోనూ ఉన్నాయి. కాబట్టి గుణానికి సంబంధించిన జన్యుభేదాలు జాతికీ జాతికీ మధ్య గీత గీసినట్టు విడిపోయి లేవు, ప్రతి జాతి లోపలా చెల్లాచెదురుగా ఉన్నాయి. పుట్టుక ముఖ్యమే. ఆ పుట్టుక ఫలానా తల్లిది, ఫలానా తండ్రిది. మేలుజాతి పేరుతో పదిహేను వేలు పోసి కొన్న పిల్ల, తల్లి పిరికిదైతే పిరికిదే కావచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. గొర్రెలు కాసే కుక్కకు పుట్టినప్పటి నుంచే కాపలా చూపు ఉంటుంది, వేటకుక్క వాసన పట్టి నిలబడిపోతుంది, ఇదంతా జాతి కాకపోతే ఏమిటి అంటారు. ఒప్పుకోవాల్సిందే. దూరం వెళ్లక్కర్లేదు, మన జోనంగి కుక్క ఉంది. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో బాతుల మందలను కాచిన కుక్క అది. నున్నటి ఒళ్లు, ముడతలు పడ్డ నుదురు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, రాగం తీసినట్టు కూస్తుంది. బసెంజీదీ ఇంచుమించు ఇదే తరహా. మట్టిలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకోవడం జోనంగికి మహా ఇష్టం. పొలాలు చేపల చెరువులుగా మారి బాతుల మందలు తగ్గాక దానికి పని పోయింది, చేపలు తింటుందన్న నింద మిగిలింది. తవ్వడం, కూయడం, మందను మళ్లించడం వంటివి ఒళ్లు చేసే పనుల ధోరణులు. పనికోసం తరతరాలుగా ఏరుకున్న కుక్కల్లో ఇవి నిలుస్తాయి, డీఎన్ఏ లెక్కల్లోనూ కొంత స్పష్టంగానే కనబడతాయి. అయితే గొయ్యి తవ్వే రెండు జోనంగుల్లో ఒకటి కొత్తవాళ్ల ఒడిలోకి దూకేది కావచ్చు, ఇంకొకటి మంచం కింద నుంచి బయటికి రానిది కావచ్చు. మనం గుణం అంటున్నది ఆ తవ్వడాన్ని కాదు, ఈ తేడాను. పైగా నూట అరవై ఏళ్లుగా ప్రదర్శనల కోసం పెంచిన జాతుల్లో బహుమతి వచ్చింది మందను కాచినందుకు కాదు, చెవి సరిగ్గా నిలబడ్డందుకు.

అసలు కుక్కకు స్వభావం ఉందనడమే మనిషి తన బుద్ధిని దానికి అంటగట్టడం కాదా అని మూడో ప్రశ్న. హెల్మెట్ మీద కోపం, చెప్పు మీద ప్రేమ అంటూ కథలల్లుతున్నామేమో. ఈ అనుమానాన్ని 2003లో సామ్యూల్ గాస్లింగ్ బృందం 78 కుక్కలతో పరీక్షించింది. యజమాని ఇచ్చిన అంచనా ఒక పక్క, ఆ కుక్కను బాగా ఎరిగిన మరో మనిషి అంచనా ఇంకో పక్క, ఆ కుక్కను ముందెన్నడూ చూడని పరిశీలకులు పార్కులో పనులు చేయించి ఇచ్చిన మార్కులు వేరొక పక్క. చురుకు, ఆప్యాయత, బెదురు, తెలివి అనే నాలుగింటిలోనూ ఈ అంచనాలు చెప్పుకోదగినంతగా కలిశాయి. అందరూ ఒకే అబద్ధం ఆడి ఉంటారని అనడం కంటే, చూస్తున్నది నిజంగా ఉందనుకోవడమే తేలిక. స్వభావం కుక్కలోనే ఉంది. మనం అంటగట్టేది దాని కారణాన్ని.

మరి ఆ స్వభావం ఎక్కడ తయారవుతుంది? కొంత తల్లి కడుపులో, ఎక్కువగా పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనే ముగ్గురు కొన్ని కుక్కపిల్లలను పద్నాలుగు వారాల దాకా మనిషి అలికిడి లేకుండా పెంచి చూశారు. అవి అడవి జంతువుల్లా తయారయ్యాయి, తర్వాత ఎంత బతిమాలినా పూర్తిగా మచ్చిక కాలేదు. ఆ కొద్ది వారాల్లో పిల్ల ఏది చూసి బెదరకుండా ఉంటుందో అది దాని లోకంలో మామూలు వస్తువు అయిపోతుంది. చూడనిది అనుమానం, కొట్టినది శత్రువు. రైల్వే గేటు పక్కన కళ్లు తెరిచిన పిల్లకు రైలు కూత జోలపాటే. అదే పిల్లను బండి మీద పోతూ ఒకడు తన్నితే, ఆ మనిషి ముఖం హెల్మెట్‌లో కనబడలేదు కాబట్టి హెల్మెట్‌నే గుర్తుపెట్టుకుంటుంది. కుక్క దృష్టిలో హెల్మెట్ పెట్టుకున్నవాళ్లంతా ఒకే మనిషి. చెప్పు సంగతి ఇంకా తేలిక. మనిషి చెమట వాసన దండిగా ఉండేది చెప్పులోనే. ఆ వాసన భద్రంగా తోచిన కుక్కకు అది దిండు. పమేరియన్ ముత్తాతను పిలవకుండానే ఈ మూడూ అర్థమవుతాయి. అలాగని చిన్నప్పుడు చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పేయగలం అనుకోకూడదు. వియన్నా పరిశోధకులు బోర్డర్ కోలీ పిల్లలను పుట్టిన కొత్తల్లో ఒకసారి, ఆరేడు వారాలకు ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి పరీక్షించి 2014లో ప్రకటించారు. పసిపిల్లల పరీక్ష పెద్ద కుక్క గురించి ఏమీ చెప్పలేదు. ఆరేడు వారాల పరీక్ష చెప్పగలిగింది కూడా, కొత్త చోటును వెతికి చూసే గుణం గురించి తప్ప, నామమాత్రమే.

ఊరకుక్క విషయంలో వీధి కూడా ఒక పరీక్ష పెడుతుంది, అది బహు క్రూరమైన పరీక్ష. కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం ఏళ్లుగా వీధికుక్కలను వీధిలోనే గమనిస్తోంది. 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను వెంబడించి చూస్తే, ఏడు నెలల వయసుకు చేరినవి 19 శాతమే అని 2016లో వారు ప్రకటించారు. చావుల్లో 63 శాతం మనుషుల వల్ల జరిగినవే. బండి కింద పడటం, విషం, దెబ్బలు, ఎత్తుకుపోవడం. మనిషిని మరీ నమ్మినదీ పోతుంది, అసలు దగ్గరకే రానిదీ ఆకలితో పోతుంది. మిగిలేది మనిషిని చదవగలిగినది. 2020లో ఆ బృందం చేసిన ప్రయోగం ఇది: రెండు గిన్నెలు, మీద అట్టముక్కలు. ఒకదాంట్లో కోడిమాంసం, ఇంకొకటి ఖాళీ, కానీ అందులోనూ మాంసం రుద్దిన వాసన. ముక్కు ఇక పనికిరాదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు నిలబడి ఒక గిన్నె వైపు వేలు చూపిస్తాడు. ఎవరి దగ్గరా శిక్షణ పొందని 160 పెద్ద వీధికుక్కల్లో సుమారు సగం గిన్నెల దరిదాపులకే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరకే వెళ్లాయి. వార్తల్లో ఆ ఎనభై గురించే రాశారు. నా దృష్టిలో రాని సగం అంతకంటే గొప్ప సమాచారం. అవీ ఇలాంటి వీధుల్లోనే పుట్టి పెరిగిన కుక్కలే. ఒకటి వేలిని నమ్మింది, ఒకటి వేలున్న మనిషినే నమ్మలేదు. జాతి పేరుతో ఆ తేడాను వివరించే దారి లేదు, ఎందుకంటే అక్కడ జాతి పేర్లే లేవు.

ఇదంతా చదివి, కుక్క కరిచినవాళ్లకు ఒళ్లు మండవచ్చు. మండాలి కూడా. రేబీస్ సోకి లక్షణాలు బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం, మన దేశంలో ఆ చావులకు కారణం ఎక్కువగా కుక్కకాటే. నా వాదన కుక్కలన్నీ మంచివని కాదు. ప్రమాదకరమైన కుక్కను రూపం చూసి, జాతి పేరు చూసి పట్టలేమని. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కలను భయంకరమైనవిగా పేర్కొని, వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. వాటి సంకరాలను కూడా కలిపింది. పొట్టికాళ్ల జన్యువు పది తరాలు ఎలా ప్రయాణించగలదో చూసిన మనకు, సంకరాన్ని చూపుతో గుర్తించమనడం ఎంత కష్టమో తెలుసు. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. వీధికుక్కల మీద 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వేరే దారి పట్టింది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టిన చోటే వదలాలి; రేబీస్ సోకినవాటినీ, దూకుడుగా ప్రవర్తించేవాటినీ మాత్రం వదలకూడదు. ఆ ఆదేశం తర్వాత కూడా వాదాలు నడిచాయి, బడులూ ఆసుపత్రులూ బస్టాండ్ల ఆవరణల గురించి అదే ఏడాది నవంబరులో మరో ఉత్తర్వు కూడా వచ్చింది. ఆదేశం అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. కానీ ఆగస్టు ఆదేశం కుక్క ఏమిటని అడగలేదు, ఏం చేస్తోందని అడిగింది. విజ్ఞానం చెబుతున్నదీ అంతే.

కాబట్టి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవాలనుకునేవారు రంగు, బొచ్చు, చెవులు చూసి మురిసిపోకుండా, వీలైతే తల్లిని చూడండి. తెలియని మనిషి దగ్గరకు వస్తే అది ఏం చేస్తోందో గమనించండి. ఎనిమిది వారాలు నిండకముందే పిల్లను తల్లి నుంచి లాక్కోకండి. తెచ్చాక మొదటి నెల రోజుల్లో దానికి పిల్లలనూ ముసలివాళ్లనూ గొడుగులనూ హెల్మెట్లనూ బెదరకుండా పరిచయం చేయండి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించండి. ఎవరినైనా ఏ కుక్కైనా కరిస్తే, అది ఇంటిదైనా వీధిదైనా, గాయాన్ని సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొలిసారి ఒక పిల్లవాడికి రేబీస్ టీకా వేసిన రోజు గుర్తుగా, ఏటా ఆ తేదీన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. నాటుకుక్కకైనా సీమకుక్కకైనా అక్కడ వేసేది ఒకటే టీకా.